నాలుగు వాటాల దాహం

నూకరత్నం మందు వాసన తగిలితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేసే మనిషి. అలాంటి నూకరత్నానికి ఒక మంగళవారం పొద్దున్న, ఎవరిదో పెళ్ళి జాకెట్టు కుడుతూ ఉండగా, ఉన్నట్టుండి తాగాలనిపించింది.

ఏం తాగాలో ఆవిడకి తెలీదు. తాగాలని మాత్రం ప్రాణం లాగేసింది. నోరు పిడచకట్టుకుపోయింది, గుండెలో ఎవరో కొక్కెం తగిలించి వీధిలోకి ఈడుస్తున్నట్టు అనిపించింది. లేచి చెంబెడు మంచినీళ్ళు తాగింది. మజ్జిగ తాగింది. చింతపండు ఉండ చప్పరించింది. డబ్బాలో ఉన్న బిస్కెట్లన్నీ తినేసింది. చివరికి లాగుడు దానంతటదే తగ్గాక మిషను దగ్గరికి వచ్చి చూసుకుంటే, జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేసి ఉంది.

ఆ దాహం ఆవిడది కాదు, ఆవిడ మొగుడిది. అందులో నాలుగో వంతు.

మొగుడి పేరు సన్యాసిరావు. విజయనగరంలో బ్యాండు మేళం నడుపుతాడు, ట్రంపెట్టు ఊదుతాడు. ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకు ఆలస్యమైతే సర్దుకునేవాళ్ళు గానీ, సన్యాసిరావు ట్రంపెట్టు ఆలస్యమైతే ఊరేగింపు కదిలేది కాదు. అంత పేరూ ఉంది, దానికి తగ్గ తాగుడూ ఉంది. పైడితల్లమ్మ మీద ఒట్టు పెట్టి మానడం, పండగ వెళ్ళీ వెళ్ళకుండానే మొదలెట్టడం, ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. ఆఖరికి ఒళ్ళు వణుకు పట్టి ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టర్లు మందులిచ్చి వణుకు తగ్గించారు. ఒంటి సంగతి తాము చూశామనీ, మనసు సంగతి వసుంధర గారు చూస్తారనీ చెప్పి పక్క భవనంలో ఉన్న తాగుడు మాన్పించే సెంటరుకి పంపించారు.

వసుంధర మనసుల వైద్యం చదువుకున్న మనిషి. తాగుడు మానాలనుకునేవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించడం ఆవిడ పని. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాల వాళ్ళతో కలిసి ఆవిడ ఒక యంత్రం కూడా తయారుచేసింది. చూడడానికి మణికట్టుకి కట్టుకునే పట్టీ, చెవి వెనక అంటించుకునే బిళ్ళ, అంతే.

మొదటిరోజు ఆవిడ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. సన్యాసిరావుకీ, నూకరత్నానికీ, బ్యాండులో క్లారినెట్టు వాయించే ముసలి ఎర్నాయుడికీ, డ్రమ్ము కొట్టే గవిరేసుకీ నాలుగు పట్టీలు కట్టింది. ఒక దూది ఉండని బ్రాందీలో ముంచి సన్యాసిరావు ముక్కు దగ్గర పెట్టింది. సన్యాసిరావు మామూలుగా అయితే ఆ దూదిని మింగేసేవాడు. ఆ రోజు కళ్ళు చికిలించి ఊరుకున్నాడు. అవతల బెంచీ మీద మాత్రం ముగ్గురు ఒక్కసారి కదిలారు. ఎర్నాయుడు పెదాలు తడుపుకున్నాడు. జన్మలో టీ తప్ప ఇంకోటి ముట్టని గవిరేసు లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలీక మళ్ళీ కూర్చున్నాడు.

తాగాలనే తపన మెదడులో అలలా లేస్తుందనీ, దాన్ని చెరిపేద్దామని ఏళ్ళ తరబడి చూసినా ఒకచోట అణిస్తే ఇంకోచోట లేచేదనీ వసుంధర అప్పుడు చెప్పింది. చెరపడం కుదరలేదు గానీ పంచడం కుదిరింది. ఇష్టపడ్డవాళ్ళు నలుగురుంటే నాలుగు వాటాలు. ఆయన వాటా ఆయన మోస్తూ, సెంటరుకి వచ్చి నలుగురిలో కూర్చుని మాట్లాడుతూ ఉంటే, మెల్లగా మొత్తం మోసే బలం వస్తుంది. పట్టీకి ఒక మీట కూడా ఉంది. మనిషి మరీ ప్రమాదంలో ఉంటే పక్కవాళ్ళు ఆ మీట నొక్కితే, ఆ కాసేపటికి ఆయన వాటా కూడా వాళ్ళకే వచ్చేస్తుంది. ఎప్పుడో గానీ నొక్కకండని ఆవిడ గట్టిగా చెప్పింది.

చెప్పింది బ్యాండు వాళ్ళకి. అక్కడే వచ్చింది చిక్కు.

బ్యాండులో ఒక పద్ధతి ఉంది. పాటలో పొడుగు స్వరం వచ్చినప్పుడు ఎంతటి మొనగాడికైనా ఊపిరి చాలదు. ట్రంపెట్టు వాడు ఊపిరి తీసుకునే క్షణంలో క్లారినెట్టు వాడు ఆ స్వరాన్ని అందుకుంటాడు. క్లారినెట్టు ఆగేసరికి ట్రంపెట్టు వచ్చేస్తుంది. వీధిలో నిలబడి వినేవాడికి మధ్యలో సందు ఉన్నట్టే తెలీదు. పక్కవాడి మెడ నరం చూసి, వాడు అడక్కుండానే అందుకోవాలి. అడిగించుకున్నవాడు బ్యాండులో పనికిరాడని ఎర్నాయుడు కొత్తవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు. యాభై ఏళ్ళుగా ఆయన బతుకు ఆ మాట మీదే నడిచింది.

అందుచేత సన్యాసిరావు ముఖం కాస్త మారితే చాలు, ఎర్నాయుడి వేలు తనకి తెలీకుండానే మీట మీదికి పోయేది. గవిరేసూ అంతే. డ్రమ్ము కర్రలు ఒక చేతిలోకి మార్చుకుని మరీ నొక్కేవాడు. ఇంట్లో నూకరత్నం సంగతి ఇంక చెప్పాలా? మొగుడు గుమ్మం వైపు చూస్తే నొక్కేది, నిట్టూరిస్తే నొక్కేది, దగ్గినా నొక్కేది. ఎవరికి వాళ్ళు తామొక్కరే ఆ పని చేస్తున్నామనుకున్నారు. మేడమ్‌కి తెలిస్తే తిడుతుందని పైకి చెప్పుకోలేదు.

సన్యాసిరావుకి మాత్రం స్వర్గం దొరికింది. తాగాలన్న ఊసే లేదు. రంగు తేలాడు, మీసం దువ్వాడు, పెళ్ళాన్ని సినిమాకి తీసుకెళ్ళాడు. సెంటరు కంప్యూటరులో అతని తపన ఎంతుందో చూపించే గీత చదునుగా నేలలా ఉండడం చూసి వసుంధర మురిసిపోయింది. విశాఖపట్నంలో ప్రయోగశాల వాళ్ళు స్వీట్లు పంచుకున్నారట. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే వారం వారం కూటమికి రావడం సన్యాసిరావు మానేశాడు. తనకి బాధే లేనప్పుడు చెప్పుకోవడానికి ఏముంటుందని అడిగాడు. గీత చూసి ఆవిడ కూడా సరేనంది.

పైగా అతనికి ఉపదేశాల పిచ్చి పట్టింది. పాత స్నేహితులు తాగే పాకలోకే వెళ్ళి, వాళ్ళ పక్కనే బల్ల మీద కూర్చుని, వాళ్ళ పల్లీలు తింటూ, మనసు గట్టిగా ఉండాలిరా అని చెప్పేవాడు. గ్లాసులు నిండుతుంటే చూసేవాడు. వాసన పీల్చేవాడు. తనకేమీ అవడం లేదని చూపించడమే అతని సరదా. అతను అక్కడ పీల్చిన ప్రతి పీల్పూ ఊళ్ళో మూడు చోట్ల మూడు గొంతులు ఎండబెడుతోందని అతనికేం తెలుసు?

ఒకరోజు పట్టపగలు నూకరత్నం బటన్ల దుకాణానికని బయల్దేరి, తల ఎత్తి చూసేసరికి వైన్ షాపు మెట్టు మీద ఉంది. ఆ సమయానికి మొగుడు పాకలో పల్లీలు తింటున్నాడు. ఆ దాహానికి దారి తెలుసు మరి, ఇరవై ఏళ్ళు నడిచిన దారి. నూకరత్నం కొంగు నిండా కప్పుకుని, దేవుడా ఎవరూ చూడకూడదు అనుకుంటూ పక్కకి తిరిగింది. పక్కనే గవిరేసు ఉన్నాడు. చేతిలో క్వార్టరు సీసా ఉంది. మూత మీద వేలు ఉంది.

"గవిరేసూ, నువ్వేటి సేస్తన్నావు ఇక్కడ?"

"మరి నువ్వేటి సేస్తన్నావు వదినా?"

అంతలో వెనక నుంచి ఎర్నాయుడు వచ్చాడు. వాళ్ళని చూసి గతుక్కుమని, పాలు కొనడానికి వచ్చానన్నాడు. ఆ వీధిలో ఒక్క పాల దుకాణం లేదు. నూకరత్నానికి నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. ముందు గవిరేసు చేతిలో సీసా లాక్కుని షాపు వాడికి తిరిగిచ్చేసింది. మూత తీయడానికి వాడికి ఇంకో నిమిషం చాలు, ఆ సంగతి ముగ్గురికీ తెలిసింది. ముగ్గురూ ఎదురుగా ఉన్న చెప్పుల కొట్టు అరుగు మీద కూలబడి, ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని, ఆ లాగుడు దాటేదాకా కూర్చున్నారు. అప్పుడు బయటపడింది, ముగ్గురూ నొక్కుతున్నారని.

"నువ్వు ఊపిరి తీసుకుంటన్నావనుకోని నాను అందుకున్నాను. ఇక్కడ ముగ్గురం ఒకే స్వరం ఊదేస్తన్నాం. ఊదాల్సినోడు పల్లీలు తింటన్నాడు" అన్నాడు ఎర్నాయుడు.

అట్నుంచి అటే సెంటరుకి వెళ్ళారు. వసుంధర విని తెల్లబోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ చూసింది సన్యాసిరావు గీత ఒక్కటే. మిగతా మూడూ తీసి చూస్తే కొండలు, లోయలు. రోగి బాగున్నాడా లేదా అని చూశాం గానీ పక్కవాళ్ళ గీతలు ఎవరూ విప్పి చూడలేదని ఆవిడ చాలాసేపు తల పట్టుకుంది. మీట పెట్టిన తప్పు తనదేననీ, కూటమికి రానక్కర్లేదన్న తప్పూ తనదేననీ ఒప్పుకుంది. గవిరేసుని పక్కకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది, వాడి పట్టీ అక్కడికక్కడే విప్పేసింది. ఇప్పుడు అన్ని పట్టీలూ ఒక్కసారి తీసేస్తే సన్యాసిరావు నిలబడలేడని కూడా చెప్పింది. అతనికి మోయడం అలవాటు కాలేదు. ముందు జరిగింది అతనికి తెలియాలి, తెలిశాక మెల్లగా అతని బరువు అతనికి అప్పజెప్పాలి.

చెప్పే పని తను చేస్తానంది నూకరత్నం. ఇంటికి నడుస్తుంటే కాళ్ళు వెనక్కి లాగాయి. ఆ మనిషి ముఖంలో ఇన్నేళ్ళకి వచ్చిన వెలుగు తన చేత్తోనే ఆర్పాలి. తెలిస్తే సిగ్గుతో మళ్ళీ సీసా పట్టుకుంటాడేమోనని ఆవిడ భయం. పట్టుకుంటే ఈసారి ఆసుపత్రి నుంచి తిరిగి రాడని డాక్టర్లు ముందే చెప్పి ఉన్నారు.

సన్యాసిరావు అంతా విన్నాడు. మీసం మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. లేచి వెళ్ళి బ్యాండు సామాన్ల గదిలో కూర్చున్నాడు. నూకరత్నం వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. అతను ట్రంపెట్టు ఒళ్ళో పెట్టుకుని, తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"అయితే నాను మాననేదన్నమాట. మీరు మాన్పించీసినారు. ఊరందరికీ నీతులు సెప్పీసినాను, రత్నం. నా ముకం ఎక్కడెట్టుకోను?"

ఆవిడ వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఓదార్చే మాటలు నాలుగు సిద్ధం చేసుకునే వచ్చింది గానీ, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇరవై ఏళ్ళు నిన్ను సిగ్గునేనోడివి అనుకున్నాను. కావాలనే తాగుతావనుకున్నాను. ఇయ్యాల నీ దాహంలో ఒక వాటా నా ఒంట్లోకొస్తే, నన్ను మెట్టెక్కించీసింది. నన్ను! అంత బరువు ఒక్కడివీ మోస్తన్నావని నాకేటి తెలుసు? ఒక్కపాలి సెప్పకపోనావా?"

"సెప్తే నమ్ముతావేటి?" అన్నాడు సన్యాసిరావు.

నమ్మేది కాదని ఆవిడకీ తెలుసు. ఆ మాటే పైకి అంది. అప్పుడు సన్యాసిరావు ఏడ్చాడు. తాగినప్పుడు ఏడ్చే ఏడుపులు ఆవిడ చాలా చూసింది గానీ, తెలివిలో ఉండగా అతను ఏడవడం అదే మొదటిసారి. ఆవిడ మనసు తేలికపడింది. మర్నాడు అతనే ముందు లేచి, సెంటరుకి ఎప్పుడెళ్దాం అని అడిగాడు.

ఆ తర్వాత జరిగింది నెమ్మదిగా జరిగింది. మీటలు తీసేశారు. గవిరేసు తర్వాత ఎర్నాయుడి పట్టీ విప్పారు, ఆ ముసలాయన దాన్ని విప్పనివ్వనని సన్యాసిరావు కంటే ఎక్కువ గొడవ చేశాడు. అల లేచినప్పుడు దానితో కుస్తీ పట్టొద్దనీ, పారిపోవద్దనీ, ఒంట్లో ఎక్కడుందో చూసి పక్కవాళ్ళకి చెప్పమనీ వసుంధర నేర్పింది. లేచింది ఎప్పుడైనా పడాల్సిందేనని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా సన్యాసిరావు నమ్మలేదు. అతని అనుభవంలో అది తాగితే తప్ప పోలేదు మరి, ఇప్పుడు పోతున్నది పట్టీలు పంచుకుంటున్నందుకే అనుకున్నాడు. అయినా చెప్పినట్టు చేశాడు. ఇవాళ్టిది సన్నాయంత ఉంది, నిన్నటిది డోలంత వచ్చింది అని కూటమిలో చెబుతుంటే మిగతావాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. తాగుడు మానుతున్నవాళ్ళు అంతలా నవ్వుకోవచ్చని నూకరత్నానికి అక్కడే తెలిసింది. ఇంటివాళ్ళ కోసం జరిగే కూటమికి ఆవిడా వెళ్ళింది. మొగుడి జేబులు వెతకడం మానేసింది. అతను దగ్గితే దగ్గుగానే వినడం నేర్చుకుంది, ఇది అన్నిటికంటే కష్టమైంది.

మధ్యలో ఒకసారి జారాడు. ఒక పెళ్ళి అయ్యాక గ్లాసు పుచ్చుకున్నాడు. మర్నాడు తల వంచుకుని కూటమికి వచ్చి తనే చెప్పాడు. వసుంధర కోప్పడలేదు. గ్లాసుకి ముందు ఏం జరిగిందో చెప్పమంది, దానికి ముందో, దానికీ ముందో అని వెనక్కి తీసుకెళ్ళింది. వాయిస్తున్నంతసేపూ అతనికి బాగానే ఉంటుందట. పాట అయిపోయి, బంగారు అంచు కోటు విప్పి, ఉత్త చొక్కాతో నిలబడగానే తను ఎవరికీ అక్కర్లేని మనిషినైపోయినట్టు అనిపిస్తుందట. ఆ సంగతి అతనికే అంతవరకు తెలీదు. అప్పట్నుంచి కోట్లు విప్పగానే ఎర్నాయుడూ గవిరేసూ అతన్ని చెరో పక్కా పట్టుకుని నేరుగా ఇడ్లీ బండి దగ్గరికి నడిపించడం మొదలెట్టారు. మూడేసి ప్లేట్లు లాగించి, ఆ రోజు ఎవరు ఎక్కడ తప్పు వాయించారో చెప్పుకుని వెక్కిరించుకునేవారు.

యంత్రాన్ని వసుంధర మార్చేసింది. ఇప్పుడది కొత్త రోగుల ఇంటివాళ్ళకి ఒకే ఒక్కసారి, ఆవిడ ఎదుట, కాసేపు కడతారు. ఆ కాసేపూ తమ మనిషి మోసే బరువు ఎంతో తెలుసుకుంటారు. తర్వాత విప్పేస్తారు. అక్కడ్నుంచి మాటలతోనే పని. ప్రయోగశాల వాళ్ళు కొన్నాళ్ళు ముఖం చిన్నబుచ్చుకున్నారు గానీ, ఆ గదిలోంచి బయటికొచ్చే తల్లులనీ భార్యలనీ చూశాక వాళ్ళూ ఊరుకున్నారు.

వీళ్ళలో ఆఖరి పట్టీ నూకరత్నానిది. అదీ విప్పేశాక వచ్చిన మొదటి పెళ్ళి కోట దగ్గర. పెళ్ళికూతురి జాకెట్లు కుట్టింది నూకరత్నమే కాబట్టి పిలుపు వచ్చింది, ఆడవాళ్ళతో కలిసి ఊరేగింపులో నడుస్తోంది. సాయంత్రపు ఎండ పచ్చగా పడుతోంది. పెళ్ళికొడుకు స్నేహితులు రివాజు ప్రకారం రుమాలు కింద గ్లాసు దాచి తెచ్చి, మంచి పాట కొట్టాలంటే ఇది పడాలి మేస్త్రీ అని సన్యాసిరావు ముఖం దగ్గర పెట్టారు. అతను తల అడ్డంగా ఊపి వాయిస్తూనే ఉన్నాడు. వాళ్ళు పోయారు గానీ వాసన పోలేదు.

పాట మధ్యలో ట్రంపెట్టు ఆగిపోయింది.

ఎర్నాయుడు అలవాటు కొద్దీ స్వరం అందుకోబోయి, సన్యాసిరావు ముఖం చూసి క్లారినెట్టు దించేశాడు. గవిరేసు కర్రలు ఆగాయి. వీధి మొత్తం నిశ్శబ్దమైంది. కారులో పెళ్ళికొడుకు తల బయటపెట్టి చూశాడు. పెళ్ళికూతురి మేనమామ ఏమైందయ్యా అంటూ వచ్చాడు, ఎర్నాయుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం బాబూ అని ఆపాడు. సన్యాసిరావు బంగారు అంచు కోటుతో, చంకలో ట్రంపెట్టుతో, మొత్తం జనాన్ని దాటుకుని నేరుగా ఆడవాళ్ళ మధ్యలోకి వచ్చి నూకరత్నం ఎదురుగా నిలబడ్డాడు.

"రత్నం, వొచ్చింది. ఎప్పుడూ రానంత పెద్దది."

ఆవిడ చెయ్యి ఖాళీ మణికట్టు మీదికి పోయింది. అక్కడ నొక్కడానికేమీ లేదు. ఉన్నా నొక్కకూడదు. ఆ క్షణంలో మొత్తం తనకే ఇచ్చేస్తే బాగుండునని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. చెయ్యి దించేసి, అతని చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడుంది?"

"గొంతులో. లాగెత్తంది."

"నానిక్కడే ఉన్నాను. సెప్పు."

"గుండెల్లోకి దిగింది. ఇంకా ఎక్కువవుతంది, రత్నం. వొల్లంతా అదే అయిపోయింది." అతని నుదుటి మీంచి చెమట కారి మీసంలోకి పోయింది. చుట్టూ ఆడవాళ్ళు ఏమీ అర్థం కాక చూస్తున్నారు. ఒక ముసలమ్మ విసనకర్రతో విసరడం మొదలెట్టింది. ఎక్కడో బాణసంచా పేలింది. సన్యాసిరావు కళ్ళు మూసుకున్నాడు. నూకరత్నం ఇంకేమీ అడగలేదు, ఆ చెయ్యి వదలనూ లేదు.

అతని వేళ్ళ పట్టు బిగుసుకుని, బిగుసుకుని, కాసేపటికి కొంచెం సడలింది. సన్యాసిరావు కళ్ళు తెరిచాడు. ఏదో వినబడుతున్నట్టు తల పక్కకి వంచి నిలబడ్డాడు. గుండె మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

"పోయింది" అన్నాడు. "ఓలమ్మ, దానంతటదే పోయింది రత్నం. నానేటీ తాగనేదు. ఎవలూ తీసుకోనేదు. ఉట్టినే నిలబడ్డాను, పోయింది!"

ఇరవై ఏళ్ళలో మొత్తం దాహాన్ని తనే మోసి అతను ఒక్కసారీ చివరిదాకా ఆగి చూడలేదు. అది పోతుందని అతనికి తెలీనే తెలీదు. నూకరత్నం కళ్ళ నీళ్ళు తుడుచుకుని, అతని కోటు గుండీ సరిచేసి, పెళ్ళికొడుకు కారులో ఉడికిపోతన్నాడు, ఎల్లి వాయించు అంది.

సన్యాసిరావు వెళ్ళి ట్రంపెట్టు ఎత్తాడు. పెదాలు బిగిస్తే గాని ట్రంపెట్టు పలకదు, అతనికేమో నవ్వు ఆగడం లేదు. మొదటి స్వరం చీలిపోయింది, రెండోది కీచుమంది, మూడోది గాలిలో కలిసిపోయింది. ఎర్నాయుడు కప్పిపుచ్చలేదు, గవిరేసు అందుకోలేదు. విజయనగరం కోట వీధిలో అంత తప్పుగా ఎవరూ ఎప్పుడూ వాయించి ఉండరు, నూకరత్నం మాత్రం రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతూనే ఉంది.